చవక టీని సముద్రంలో ఎందుకు పారబోశారు?

టీ ధర తగ్గితే ఎవరికైనా సంతోషమే కదా! మరి 1773 డిసెంబరు 16 రాత్రి అమెరికాలోని బోస్టన్ రేవులో కొందరు ఓడలెక్కి, 342 టీ పెట్టెలను గొడ్డళ్లతో పగలగొట్టి నీళ్లలో ఎందుకు గుమ్మరించారు?

ఫ్రాన్స్‌తో ఏడేళ్ల యుద్ధం 1763లో ముగిసేసరికి బ్రిటన్ అప్పుల్లో కూరుకుపోయింది. ఆ భారంలో కొంత అమెరికాలోని తన వలసల నెత్తిన పెట్టాలని 1765లో స్టాంపు చట్టం తెచ్చింది. వార్తాపత్రికలకు, దస్తావేజులకు, చివరికి పేకముక్కలకూ సుంకమే! లండన్ పార్లమెంటులో తమ ప్రతినిధి ఒక్కరూ లేనప్పుడు తమపై పన్ను వేసే హక్కు దానికెక్కడిదని జనం నిలదీశారు. మరుసటి ఏడాదే చట్టం రద్దయింది.

తర్వాత గాజు, కాగితం, రంగులు, టీ మీద సుంకాలు వచ్చాయి. మళ్లీ గొడవ. 1770లో టీ సుంకం ఒక్కటి ఉంచి మిగతావి ఎత్తేశారు. 1773లో ఈస్టిండియా కంపెనీకి (మన మచిలీపట్నంలో వ్యాపారం చేసిన కంపెనీయే) అమెరికాలో నేరుగా టీ అమ్ముకునే వీలిచ్చారు. ధర తగ్గింది, సుంకం మాత్రం పోలేదు. ఆ టీ కొంటే పన్నుకు తలూపినట్టే! పైగా స్థానిక వర్తకుల పొట్ట కొట్టినట్టే.

అందుకే ఆ రాత్రి టీ నీళ్లపాలైంది. దానికి శిక్షగా బ్రిటన్ 1774లో బోస్టన్ రేవును మూసేసింది. ఒక్క ఊరిని దండిస్తే మిగతా వలసలు బెదురుతాయనుకుంది. అవి బెదరలేదు, ఏకమయ్యాయి. 1775లో తుపాకులు పేలాయి. 1776 జులై 4న స్వాతంత్ర్య ప్రకటన వెలువడింది.