కాలరు బిగుసుకుంటే

ఫార్మల్ చొక్కా కాలరు లోపల 39, 40, 42 అని ఒక అంకె ఉంటుంది. చాలామంది దాన్ని ఛాతీ కొలత అనుకుంటారు. మన రెడీమేడ్ ఫార్మల్ చొక్కాల్లో అది మామూలుగా కాలరు చుట్టుకొలత, సెంటీమీటర్లలో. టీషర్టులు, కుర్తాల మీద కనిపించే 38, 40 మాత్రం ఎక్కువగా ఛాతీ అంగుళాలు. రెంటినీ కలపకూడదు. పెళ్లినాటి చొక్కా 39, ఇప్పటిది 42 అయితే మెడ ఎంత లావెక్కిందో బీరువా తెరిస్తే చాలు, అంచనా దొరుకుతుంది. అంచనాయే సుమా! పొట్ట పట్టక పెద్ద సైజు తీసుకునేవాళ్లూ ఉంటారు. సరైన లెక్క కావాలంటే టైలరు వాడే టేపు ఉండాలి.

కొలవడం తేలికే. నిటారుగా నిలబడి, ఎదురుగా చూస్తూ, భుజాలు వదులుగా ఉంచాలి. మగవాళ్లకు గొంతు ముందు పొడుచుకొచ్చి ఒక ముడి కనిపిస్తుంది కదా, దానికి కాస్త కిందుగా టేపు చుట్టాలి. ఆడవాళ్లకూ అదే చోటు. టేపు చర్మానికి ఆనాలి, నొక్కకూడదు.

ఎంత ఉంటే ఎక్కువ? ప్రపంచమంతా ఒప్పుకున్న గీత ఏదీ లేదు. 2001లో ఇజ్రాయెల్ వైద్యులు ప్రచురించిన అధ్యయనం మగవాళ్లకు 37, ఆడవాళ్లకు 34 సెంటీమీటర్లు అంది. మెడ అంతకు తక్కువుంటే అధిక బరువు ఉండే అవకాశం తక్కువ, ఆ అంకెకు చేరితే మిగతా పరీక్షలు చేయించుకోమని అర్థం. అమెరికాలో 1948 నుంచి గుండెజబ్బుల మీద సాగుతున్న ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం 2010లో మెడ మీద దృష్టి పెట్టింది. అందులో సగటు మగవాళ్లకు 40.5, ఆడవాళ్లకు 34.2 సెంటీమీటర్లు వచ్చింది. ఇది అక్కడివాళ్ల సగటే తప్ప ఆరోగ్యానికి కొలబద్ద కాదు. ఆ అధ్యయనం తేల్చిన అసలు సంగతి వేరే ఉంది. పొట్ట లోపలి కొవ్వును స్కానింగ్‌లో కొలిచి, దాని ప్రభావాన్ని లెక్కలోంచి తీసేశాక కూడా, మెడ లావుకూ బీపీ, ట్రైగ్లిజరైడ్లు, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం లాంటివాటికీ సంబంధం మిగిలే ఉంది.

కొవ్వు ఎంత ఉందన్నదే కాదు, ఎక్కడ ఉందన్నదీ ముఖ్యమేనని మొదట గట్టిగా చెప్పినవాడు ఫ్రాన్సులోని మార్సెయ్ నగర వైద్యుడు జాన్ వాగ్. అది 1947. తుంటి, తొడల్లో కొవ్వు చేరినవాళ్ల కంటే నడుముకు పైభాగంలో చేరినవాళ్లకే షుగరు, రక్తనాళాల జబ్బులు ఎక్కువగా వస్తున్నాయని ఆయన గమనించాడు. పైభాగపు కొవ్వు కరిగి రక్తంలోకి కొవ్వు ఆమ్లాలను తేలిగ్గా వదులుతుందనీ, అవి ఎక్కువైతే కాలేయం, కండరాలు ఇన్సులిన్ మాట వినడం తగ్గిస్తాయనీ తర్వాతి పరిశోధకులు వివరించారు.

మనవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. పుణేకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ పక్కపక్కన నిలబడి దిగిన ఫోటో 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఎత్తుకు తగ్గట్టు బరువును లెక్కకట్టే బీఎంఐ ఇద్దరికీ 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. చూడ్డానికి సన్నగానే ఉన్నా లోపల కొవ్వు దండిగా ఉండే శరీరాలు మనవి. అందుకే వేయింగ్ మెషీన్ మీదే భరోసా పెట్టుకోకుండా నడుమునూ మెడనూ కొలుచుకోమనడం. అయితే టేపుకు కండకూ కొవ్వుకూ తేడా తెలియదు. కుస్తీ పట్టేవాళ్ల మెడ చూసి జబ్బని జడవక్కర్లేదు.

మెడ లావు అన్నిటికంటే సూటిగా దెబ్బతీసేది నిద్రను. మనిళ్లలో గురక అంటే గాఢనిద్రకు గుర్తు. "చూడు, ఎంత హాయిగా పడుకున్నాడో" అంటారు. నిజానికి అక్కడ జరిగేది కుస్తీ. నిద్రలో గొంతు కండరాలు వదులవుతాయి, నాలుక వెనక్కి జారుతుంది, చుట్టూ ఉన్న కొవ్వు ఆ ఇరుకు దారిని ఇంకా నొక్కుతుంది. గురక ఒక్కసారిగా ఆగిపోతుంది. పక్కనున్నావిడ హమ్మయ్య అనుకుంటుంది. కానీ ఆగింది గురక కాదు, ఊపిరి. ఛాతీ ఎగసిపడుతూనే ఉంటుంది, గాలి మాత్రం లోపలికి పోదు. పది సెకన్లు, ఇరవై, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. రక్తంలో ఆక్సిజన్ పడిపోయాక మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. పెద్ద శబ్దంతో ఊపిరి అందుతుంది, మళ్లీ గురక మొదలు. జబ్బు ముదిరినవాళ్లలో ఇది గంటకు ముప్పైసార్లకు పైగా జరుగుతుంది. పొద్దున లేచాక వాళ్లకేమీ గుర్తుండదు. తలనొప్పి, నోరెండిపోవడం, ఆఫీసులో కునికిపాట్లు మాత్రం మిగులుతాయి. డ్రైవింగ్ వృత్తిగా ఉన్నవాళ్లకు ఆ కునుకే ప్రాణాంతకం.

దీన్నే స్లీప్ ఆప్నియా అంటారు. దాన్ని పసిగట్టడానికి టొరంటో మత్తు వైద్యురాలు ఫ్రాన్సిస్ చుంగ్ బృందం 2008లో ‘స్టాప్ బ్యాంగ్’ అనే ఎనిమిది ప్రశ్నల పద్ధతి తెచ్చింది. పెద్దగా గురక పెడతారా, పగలు అలసటగా ఉంటుందా, నిద్రలో ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా, బీపీ ఉందా, బీఎంఐ 35 దాటిందా, వయసు 50 దాటిందా, మెడ లావా, మగవారా? మెడ హద్దు మొదట 40 సెంటీమీటర్లు. ఇప్పుడు వాడుకలో ఉన్న రూపంలో మగవాళ్లకు 43, ఆడవాళ్లకు 41. మూడింటికి అవునంటే అనుమానించాలి, అయిదింటికి లేదా అంతకు మించి అవునంటే నిద్ర పరీక్ష వాయిదా వేయకూడదు. సన్నమెడవాళ్లకు రాదనీ కాదు. దవడ చిన్నదిగా, వెనక్కి ఉన్నవాళ్లకు కొవ్వు లేకపోయినా దారి ఇరుకే.

ఇక అందం సంగతి. శంఖంలాంటి మెడ, దాని మీద మూడు గీతలు మన కావ్యాల్లో సౌందర్య లక్షణం. ఇప్పుడు ఆ గీతల్నే చెరిపేస్తామని క్రీములు అమ్ముతున్నారు. వాటి జోలికి నేను పోను గానీ, మెడ వెనక నలుపు మాత్రం వదిలేసే విషయం కాదు. ఎండకు వచ్చే నలుపులా కాకుండా చర్మం దళసరిగా, ముఖమల్ తాకినట్టు, అడ్డగీతలతో ఉంటుంది. చంకల్లోనూ వస్తుంది. పక్కన చిన్న చిన్న పులిపిర్లు కూడా లేస్తాయి. ఇంట్లోవాళ్లు గిల్టు గొలుసును తిడతారు, పిల్ల సరిగా స్నానం చేయడం లేదంటారు, శనగపిండి, నిమ్మచెక్కతో ఎర్రగా కందేదాకా తోముతారు. అది మురికి కాదు. రక్తంలో ఇన్సులిన్ అతిగా ఉండి చర్మకణాలను పెరగమని పురిగొల్పడం వల్ల వచ్చే మార్పు. రుద్దితే పోదు, షుగరు పరీక్ష చేయించాలి. పదిహేనేళ్ల పిల్లయినా సరే. బరువు తగ్గేకొద్దీ ఆ నలుపూ పలచబడుతుంది.

మెడ ముందువైపు మాత్రమే ఉబ్బితే అది కొవ్వు కాకపోవచ్చు. అద్దం ముందు నిలబడి గుక్కెడు నీళ్లు మింగండి. గుటకతోపాటు ఉబ్బు పైకి కదిలితే అది థైరాయిడ్ కావచ్చు. అయోడిన్ ఉప్పుతో ఆ వాపును అరికట్టవచ్చని 1956లో మొదలైన కాంగ్రా లోయ అధ్యయనంలో నిరూపించిన బృందానికి పెద్ద, శ్రీకాకుళంలో పుట్టి విశాఖలో వైద్యం చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి.

మెడ ఒక్కటే తగ్గించే వ్యాయామాలేవీ లేవు. గడ్డం కింద కండను ఎంత ఆడించినా పైనున్న కొవ్వు అక్కడిదక్కడ కరగదు. ఒళ్లంతా తగ్గితేనే మెడా తగ్గుతుంది. స్లీప్ ఆప్నియా ఉన్నట్టు తేలితే అప్పటిదాకా ఆగక్కర్లేదు. 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కాలిన్ సలివన్ లోకానికి తెలియజేసిన సీప్యాప్ మెషీన్ ముక్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి దారిని తెరిచి ఉంచుతుంది.

ఏ ఆపరేషన్‌కైనా ముందు మత్తు డాక్టరు నోరు తెరిపించి, మెడ వెనక్కి వంచమని చూసేదీ ఈ గాలి దారి ఎలా ఉందో తెలుసుకోవడానికే. లావుమెడలో శ్వాసగొట్టం వేయడం కష్టం కావచ్చు, మత్తు దిగేటప్పుడు గొంతు మూసుకుపోవచ్చు. గురక సంగతి ఆయన అడగకపోయినా మీరే చెప్పండి. సీప్యాప్ వాడుతుంటే బట్టల సంచితోపాటు దాన్నీ ఆసుపత్రికి పట్టుకెళ్లండి.