ఇత్తడికి పులుపు మేలు... ఘాటు చేటు!

పండగొస్తోందంటే కర్నూలు, కడప ఇళ్లలో అటక మీది ఇత్తడి బిందెలూ దీపపు కుందులూ కిందికి దిగుతాయి. కాస్త చింతపండు, గుప్పెడు ఉప్పు వేసి తోమితే చాలు, తళతళా మెరుస్తాయి. పులుపులోని టార్టారిక్ ఆమ్లం పైన పట్టిన చిలుమును కరిగించేస్తుంది మరి. అంతకన్నా తేలికని ఘాటైన అమ్మోనియా ద్రావణాలు వాడితే? ఆ ముప్పేమిటో తుపాకీ తూటాలు ఎప్పుడో చెప్పాయి!

తూటా గొట్టమూ ఇత్తడిదే. నూటికి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. బ్రిటిష్ పాలనలో మనదేశంలోని సైన్యం నిల్వచేసిన తూటాల గొట్టాలు వానాకాలం వచ్చేసరికి పేల్చకుండానే బీటలువారేవి. అందుకే ఆ జబ్బుకి 'సీజన్ క్రాకింగ్' అని పేరొచ్చింది. అసలు కారణాన్ని 1921లో పరిశోధకులు వివరించారు. తూటాలను దాచింది గుర్రపుశాలల్లో. అక్కడి మూత్రం నుంచి వచ్చే అమ్మోనియాకు తేమ తోడైంది. గొట్టాన్ని సాగదీసి చేసినప్పుడు లోహంలో మిగిలిన ఒత్తిడి ఆ రెంటికీ దారిచ్చింది. తయారయ్యాక మితంగా వేడిచేస్తే ఆ ఒత్తిడి పోతుందని కూడా తేలింది.

సాగ్గొట్టి చేసిన బిందెకీ అదే ముప్పు. కాబట్టి తాతలనాటి ఇత్తడిని గొడ్ల కొట్టంలో పడేయకండి. అమ్మోనియా ద్రావణాల జోలికి వెళ్లకండి. చింతపండునైనా గంటలతరబడి ఉంచితే జింకు కరిగి, సామాను ఎర్రబారుతుంది. తోమిన వెంటనే మంచినీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఎండలో ఆరబెట్టండి. సీమలో ఎండకేం కొదవ!