రోడ్డు ప్రమాద పరిహారం: చెట్టుకింద రాజీతో చేజారుతున్న హక్కు

శంషాబాద్: బెంగళూరు జాతీయ రహదారి, ఔటర్ రింగు రోడ్డు, విమానాశ్రయం దారి కలిసే శంషాబాద్ పరిసర గ్రామాలవారికి రోడ్డు ప్రమాదం కొత్త మాట కాదు. 2008 మార్చి 23న ఇక్కడ విమానాశ్రయం మొదలయింది. అదే ఏడాది నవంబరులో గచ్చిబౌలి నుంచి శంషాబాద్ వరకు ఔటర్ రింగు రోడ్డు తెరిచారు. ఒకనాడు ఎడ్లబండ్లు నడిచిన దారుల్లో నేడు రాత్రింబవళ్లు కార్లు, కంకర టిప్పర్లు, లారీలు పరుగులు తీస్తున్నాయి. పాలక్యాన్లతో, ఆకుకూరల మూటలతో, పూల గంపలతో పట్నం వెళ్లే పల్లెవాసులు ప్రాణాలు అరచేత పెట్టుకుని ఈ రోడ్లు దాటవలసి వస్తున్నది.

ప్రమాదం ఒక దెబ్బ కాగా, ఆ తర్వాత జరిగే తంతు ఇంకొక దెబ్బ. ఇంటికి ఆధారమైన మనిషి పోయి ఆడవాళ్లు ఏడుస్తుండగానే కారు యజమాని తరఫువారు ఊరి పెద్దలను వెంటబెట్టుకుని వస్తారు. దినాల ఖర్చుకని యాభై వేలో, లక్షో చేతిలో పెట్టి, కేసు వద్దని కాగితం రాయించుకుంటారు. "పోయిన మనిషి తిరిగి వస్తాడా? ఆ కారాయన మాత్రం ఎక్కడినుంచి తెచ్చి ఇస్తాడు పాపం!" అని నచ్చచెప్పేవారూ ఉంటారు.

ఇక్కడే చాలామంది మోసపోతున్నారు. పరిహారం ఇవ్వవలసినది సాధారణంగా కారు యజమాని జేబులోనుంచి కాదు. రోడ్డుమీదికి వచ్చే ప్రతి వాహనానికీ థర్డ్ పార్టీ బీమా ఉండితీరాలని చట్టం చెబుతున్నది. ఎదుటివారికి ప్రాణనష్టం జరిగితే ఆ డబ్బు బీమా కంపెనీ చెల్లించాలి. అందుకోసమే యజమాని ఏటా ప్రీమియం కడుతున్నాడు. బీమా లేని బండి అయితే యజమానే కట్టుకోవాలి. డ్రైవరుకు లైసెన్సు లేని సందర్భాల్లో కంపెనీ ముందు బాధితులకు చెల్లించి, తర్వాత యజమాని నుంచి రాబట్టుకోవాలని ట్రిబ్యునల్ ఆదేశించవచ్చునని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. పైగా నిర్లక్ష్యంగా బండి నడిపి మనిషి చావుకు కారణమైన కేసు చట్టరీత్యా రాజీకి వీలుకానిది.

ఎక్స్‌గ్రేషియా వేరు, పరిహారం వేరు

2025 నవంబరు 3న చేవెళ్ల దగ్గర మీర్జాగూడ వద్ద కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొని 19 మంది చనిపోయిన సంగతి జిల్లాలో ఎవరూ మరచిపోలేదు. మృతుల కుటుంబాలకు ప్రభుత్వం 5 లక్షలు, ఆర్టీసీ 2 లక్షల రూపాయలు ప్రకటించాయి. ఇటువంటి సహాయాన్ని ఎక్స్‌గ్రేషియా అంటారు. అది ప్రభుత్వం దయతలచి ఇచ్చేది. చట్టప్రకారం వచ్చే నష్టపరిహారం దానికి వేరు. ఎక్స్‌గ్రేషియా తీసుకున్నంత మాత్రాన ట్రిబ్యునల్‌కు వెళ్లే హక్కు పోదు.

మోటారు ప్రమాదాల క్లెయిములు విచారించే ట్రిబ్యునళ్లకు 1956లోనే చట్టంలో చోటు కల్పించారు. ఇప్పుడు అమలులో ఉన్నది 1988 నాటి మోటారు వాహనాల చట్టం. 2019లో దానిని సవరించగా, పరిహారానికి చెందిన కొత్త నిబంధనలు 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. ప్రమాదం జరిగిన చోటనే కేసు వేయాలనే నియమం లేదు. బాధితులు నివసించే చోట, లేదా ఎదుటి పక్షం నివసించే చోట కూడా వేయవచ్చు. రంగారెడ్డి జిల్లా కోర్టుల సముదాయం ఎల్.బి.నగర్‌లో ఉంది.

లెక్క ఎలా కడతారు?

పరిహారం జడ్జి ఇష్టాయిష్టాల మీద నడిచేది కాదు. 2009లోనూ, 2017లోనూ సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులతో దీనికి ఒక పద్ధతి ఏర్పడింది. ఉదాహరణకు నెలకు 12,000 రూపాయలు సంపాదించే 32 ఏళ్ల కూరగాయల రైతు చనిపోయాడనుకుందాం. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి ఉన్నారు. సంవత్సరాదాయం 1,44,000. నలభై ఏళ్లలోపు వాడు కాబట్టి ముందుముందు పెరగవలసిన సంపాదన కింద 40 శాతం కలిపితే 2,01,600. ఆయన సొంత ఖర్చు కింద నాలుగోవంతు తీసివేస్తే 1,51,200 మిగులుతుంది. 31 నుంచి 35 ఏళ్ల వయసుకు గుణకం 16. హెచ్చవేస్తే 24,19,200 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు, భార్యాబిడ్డలకు కలిగిన ఎడబాటు వగైరాలు దీనిపై అదనం. చెట్టుకింద ఇచ్చే లక్ష రూపాయలకూ దీనికీ ఎంత తేడా ఉందో పాఠకులే చూసుకోవచ్చు.

కూలీకి జీతం చీటీ ఎక్కడిదని దిగులు పడనవసరం లేదు. 2004లో ప్రమాదానికి గురైన బెంగళూరు కూలీ ఒకరికి ఏ కాగితం లేకున్నా నెలకు 4,500 రూపాయల ఆదాయాన్ని 2011లో సుప్రీంకోర్టు అంగీకరించింది. ఇంటి పని చేసుకునే గృహిణి శ్రమకు కూడా వెల కట్టవలసిందేనని 2021లో చెప్పింది. గాయపడినవారికి వైద్యం ఖర్చుతోపాటు, అంగవైకల్యం వల్ల పని చేసుకోలేక పోగొట్టుకునే సంపాదన కూడా లెక్కలోకి వస్తుంది.

గడువు, కాగితాలు

కొత్త చట్టం ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలలలోపు క్లెయిము వేయాలి. ఈ గడువుపై వివాదం సుప్రీంకోర్టు దాకా పోగా, ఆలస్యం కారణంగా దరఖాస్తులు కొట్టివేయవద్దని 2025 నవంబరులో మధ్యంతర ఆదేశం వచ్చింది. అయినా దానిని నమ్ముకుని కూర్చోక ఆరు నెలల్లోపే వేయడం క్షేమం.

పోలీసులు ప్రమాదం సంగతి 48 గంటల్లో ట్రిబ్యునల్‌కు, బీమా కంపెనీకి తెలపాలని, 90 రోజుల్లో పూర్తి నివేదిక పంపాలని 2022 నాటి నిబంధనలు చెబుతున్నాయి. ఆ నివేదికనే క్లెయిముగా తీసుకునే వీలుంది. ఇదంతా ఠాణాలో కేసు నమోదైతేనే. కనుక ఎఫ్.ఐ.ఆర్. నకలు అడిగి తీసుకోవాలి. అది బాధితులకు ఉచితంగా ఇవ్వవలసినదే. పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, ఆసుపత్రి బిల్లులు, బండి నంబరు, బీమా పాలసీ వివరాలు, రేషన్ కార్డు భద్రపరచాలి. వయసుకు ఆధార్ కన్నా బడి సర్టిఫికెట్ గట్టి రుజువని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది.

ట్రాక్టరు మీద పెళ్లి ప్రయాణం

పెళ్లికో జాతరకో ట్రాక్టరు ట్రాలీల మీద, డీసీఎం వ్యాన్లలో పోవడం మన పల్లెల్లో మామూలు. సరుకు రవాణా బండిలో ఊరికే ఎక్కి ప్రయాణించేవారికి ఆ బండి బీమా కంపెనీ బాధ్యత వహించదని 2003లో సుప్రీంకోర్టు తేల్చింది. తన సరుకు వెంట వెళ్లే యజమానికి మాత్రం రక్షణ ఉంది. అలాగే మోటారు సైకిలుకు ఒట్టి థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే వెనుక కూర్చున్నవారికి ఆ పాలసీ వర్తించదు. ఇటువంటి బండ్లను వేరొక వాహనం ఢీకొని, తప్పు ఆ వాహనానిదే అయితే దాని బీమా కంపెనీ మీద క్లెయిము వేసుకోవచ్చు.

గుద్దిన బండి దొరకకపోతే

చీకట్లో గుద్ది పారిపోయిన బండి ఏదో తెలియకపోయినా దారి ఉంది. 2022 ఏప్రిల్ 1 తర్వాతి ప్రమాదాల్లో మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేల రూపాయలు ఇస్తారు. దీనికి ప్రమాదం జరిగిన ప్రాంతపు రెవెన్యూ అధికారికి దరఖాస్తు పెట్టుకోవాలి. బండి దొరికి, తప్పు ఎవరిదో రుజువు చేయడం కష్టమైతే మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు కోరే సెక్షను ఒకటుంది. అయితే ఆ మొత్తం తీసుకుంటే పూర్తి పరిహారం కోసం వేసిన దరఖాస్తు రద్దవుతుంది. కాబట్టి తొందరపడి సంతకం చేయరాదు. వైద్యానికి ఏడు రోజులపాటు లక్షన్నర వరకు నగదు కట్టనవసరం లేని పథకం 2025 మే నెలలో వచ్చింది.

ఉచిత వకీలు

వకీలు ఫీజుకు భయపడి వెనుకాడేవారు ఎందరో. స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. ఆసుపత్రి గుమ్మం దగ్గరే తగులుకుని వచ్చిన దాంట్లో సగం మాదంటూ కాగితాలు రాయించుకునే దళారులను దగ్గరకు రానివ్వరాదు. లోక్ అదాలత్‌లో కేసు త్వరగా తేలుతుంది గాని, అక్కడ ఒప్పుకున్న మొత్తంపై అప్పీలు లేదు. ముందుగా వకీలుచేత పైన చెప్పిన లెక్క కట్టించుకుని వెళ్లాలి.

ఊరి పెద్దలు కూడా ఈ విషయం గ్రహించాలి. ఆపదలో ఉన్న ఇంటికి వారు చేయగల మేలు రాజీ కుదర్చడం కాదు. వెంట ఉండి ఠాణాలో కేసు రాయించి, కాగితాలు సేకరించి, ఆరు నెలలు దాటకముందే ట్రిబ్యునల్ మెట్లు ఎక్కించగలిగితే ఆ పిల్లల చదువూ, ముసలితల్లి మందులూ ఆగకుండా ఉంటాయి.