మెషిన్ దగ్గర నాలుగు గంటలు... మిగతాదంతా ఇంట్లోనే!

డయాలిసిస్ వార్డులో నర్సుగా నేను రోగిని చూసేది వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. మిగతా కాలమంతా చూసుకునేది ఇంట్లో ఆడవాళ్లే. ఆ మాటంటే "మాకేం తెలుస్తుంది సిస్టర్" అంటారు. తెలియనిదేం లేదు, ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలంతే!

మా దగ్గరికొచ్చేవాళ్లలో చాలామంది ఉద్దానంవాళ్లు. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, పలాస చుట్టుపక్కల ఊళ్లు. అక్కడ కిడ్నీ జబ్బు ఇంతగా ఎందుకొస్తోందో కచ్చితమైన కారణం ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. ఎటు చూసినా కొబ్బరిచెట్లే ఉండే ఆ ఊళ్లలో మనిషి నీరసంగా కనిపిస్తే ఏం చేస్తారు? బోండాం కొట్టి చేతికిస్తారు. "సలవ సేస్తాది గదమ్మా!" అంటుంది పెద్దావిడ.

కిడ్నీలు బాగున్నవాళ్లకి చలవే. డయాలిసిస్ మీద ఉన్నవాళ్లకి మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. పాడైన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు. రక్తంలో అది పెరిగితే గుండె లయ తప్పుతుంది, ఆగిపోవచ్చు కూడా. కాళ్లు పట్టు తప్పినట్టున్నా, గుండె దడగా ఉన్నా, పడుకుంటే ఆయాసం వస్తున్నా తర్వాతి డయాలిసిస్ దాకా ఆగకండి. అరటిపండు, బత్తాయి, టమాటా, బంగాళాదుంప, మునగాకు విషయంలోనూ జాగ్రత్తే. బీర, సొర, పొట్ల కాస్త నయం. ఏ కూరైనా చిన్న ముక్కలు కోసి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ ఎక్కువ నీళ్లలో ఉడికించి వార్చేయండి. "సారమంతా పోయిందే" అని అత్తగారు సణిగితే సణగనివ్వండి. పోవాల్సింది అదే!

ఇక నీళ్ల గొడవ. రోజుకెంత తాగొచ్చో డాక్టరు చెబుతారు. నిన్న వచ్చిన మూత్రానికి అర లీటరు కలపడం మామూలు లెక్క. పొద్దున్నే ఆ కొలత నీళ్లు ఒక సీసాలో పోసి పెట్టండి. కాఫీ, మజ్జిగ, చారు ఏది ఇచ్చినా అంత నీరు సీసాలోంచి తీసేయండి. సాయంత్రానికి ఎంత మిగిలిందో ఆయనకే కనిపిస్తుంది, మీరు పోట్లాడక్కర్లేదు. అయితే ఆవకాయ వేసి నీళ్లు తాగొద్దనడం అన్యాయం. ముందు ఉప్పు తగ్గించండి, దాహం దానంతటదే తగ్గుతుంది. బీపీకి మంచిదని అమ్మే తక్కువ సోడియం ఉప్పు కొనకండి, చాలావాటిలో కలిపేది పొటాషియమే. డయాలిసిస్ దాకా రాని రోగులకి ఈ నీళ్ల లెక్క వర్తించదు, వాళ్లు డాక్టరునే అడగాలి.

నాకు మహా బాధ కలిగించేది ఇంకోటుంది. జబ్బు మొదట్లో పప్పు, గుడ్డు తగ్గించమంటారు. డయాలిసిస్ మొదలయ్యాక మాంసకృత్తులు ఎక్కువ కావాలి. ఇళ్లల్లో మాత్రం పాత పత్యమే నడుస్తుంటుంది, మనిషి చిక్కి శల్యమవుతాడు! రోజూ ఒకటి రెండు గుడ్ల తెల్లసొన పెట్టొచ్చేమో అడగండి.

ఫిస్టులా వేసిన చేతిని రోజూ పొద్దున్నే తాకి చూడండి. పిల్లి గురగురలాడినట్టు చేతికి తెలుస్తుంది. అది ఆగిపోతే అదే రోజు పరుగెత్తాలి. ఆ చేతికి బీపీ పట్టీ, సూది, గడియారం, బరువు... ఏవీ వద్దు. ఒళ్లునొప్పులకి మందుల షాపులో అడిగి బిళ్లలు తేవద్దు.

అన్నట్టు, ఉద్దానం నుంచి ఆయన్ని తీసుకొచ్చే ఆవిడ తాగేదీ అదే ఊరి నీళ్లు, చేసేదీ అదే తోటపని. ఆ నాలుగు గంటలూ బయట బల్ల మీద కూర్చునేకంటే, తల్లీ, ఓసారి బీపీ చూపించుకుని, క్రియాటినిన్‌కి రక్తం, మూత్రం పరీక్షకి ఇచ్చి రండి.