పొట్టలోని కొవ్వు ఊరికే ఉండదు

పై పొట్టలో ఉన్నట్టుండి భరించలేని నొప్పి. వీపులోకి పొడుచుకుపోతుంది. ముందుకు వంగి కూర్చుంటే కాస్త నయం, వెల్లకిలా పడుకుంటే ఎక్కువ. వాంతులు ఆగవు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు చాలా ఇళ్లల్లో దీన్ని 'గ్యాస్ పట్టింది' అనుకుని సోడా తాగించి, మాత్ర మింగించి, తెల్లారేదాకా చూస్తారు. అది క్లోమం వాపు, అంటే పాంక్రియాటైటిస్ కావచ్చు.

జీర్ణాశయం వెనక అడ్డంగా ఉండే క్లోమం అన్నం అరిగించే రసాలు తయారు చేస్తుంది. అవి పేగులోకి చేరాకే పని మొదలుపెట్టాలి. లోపలే మొదలుపెడితే క్లోమం తనను తానే అరిగించుకుంటుంది. ముఖ్య కారణాలు పిత్తాశయంలో రాళ్లు, మద్యం. ట్రైగ్లిజరైడ్లు 1000 దాటినా ముప్పే. నిప్పు అంటించేవి ఇవి. ఆ మంట ఎంత దూరం పాకుతుందనే దాంట్లో మాత్రం పొట్ట కొవ్వుకూ పాత్ర ఉంది.

కొవ్వంటే డబ్బాలో దాచిన నెయ్యిలాంటిదని అనుకుంటాం. 1994లో లెప్టిన్‌ను కనుగొన్నాక ఆ అభిప్రాయం మారింది. కొవ్వు కూడా హార్మోన్లు వదులుతుంది. లెప్టిన్ ఒంట్లో నిల్వలు చాలినంత ఉన్నాయని మెదడుకు చెబుతుంది, రక్షణ కణాలనూ ఎగదోస్తుంది. రెసిస్టిన్‌దీ అదే దారి. జబ్బు ముదిరినవారి రక్తంలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. వాపును చల్లార్చేది అడిపోనెక్టిన్. విచిత్రం ఏమిటంటే, కొవ్వు పెరిగేకొద్దీ ఇదొక్కటే తగ్గిపోతుంది. దీనికి తోడు, క్లోమం నుంచి కారిన లైపేజ్ చుట్టూ ఉన్న కొవ్వును విడగొడుతుంది. అలా వెలువడిన కొవ్వు ఆమ్లాలు ఊపిరితిత్తులను, కిడ్నీలను దెబ్బతీస్తాయి. సన్నగా ఉన్నవారికీ ఈ జబ్బు వస్తుంది. లావుగా ఉన్నవారికి వస్తే ముదిరే అవకాశం ఎక్కువ.

మరి ఈ హార్మోన్లకు పరీక్షలు చేయించుకోవాలా? అక్కర్లేదు. దర్జీ టేపు చాలు. నడుము చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో క్షయ ఆసుపత్రి 1915లో మొదలైంది. ఆ కాలంలో రోగి బరువు పెరిగితే ఇంటిల్లిపాదికీ ఊరట. 'ఒళ్లు చేశాడు' అని ఇప్పటికీ మెచ్చుకోలుగానే అంటాం. ఆ ఒళ్లు పొట్ట దగ్గర చేరిందా అన్నది చూడరు.

అలాంటి నొప్పి వస్తే ఏమీ తినిపించకండి. రాత్రయినా 108 పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్లండి. రక్తంలో లైపేజ్ లేదా అమైలేజ్ పరీక్ష, అల్ట్రాసౌండ్‌తో చాలావరకు తేలిపోతుంది. మొదటి 24 గంటల్లో సెలైన్ సరిగా ఎక్కించడం చాలా ముఖ్యం.

బరువు తగ్గాలి కదా అని కడుపు మాడ్చుకోకండి. పెళ్లికి నెల ముందు పది కిలోలు తగ్గించుకోవాలని మా ఓపీకి వచ్చేవారున్నారు. అంత వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు ఏర్పడతాయి! నెలకు రెండు కిలోలు చాలు. రాగి సంగటి మానక్కర్లేదు, రెండో ముద్ద మానండి. చెనక్కాయల చట్నీ కూడా కొలతగానే.

రాళ్ల వల్ల ఒకసారి వాపు వచ్చి తగ్గినవారు, నొప్పి పోయింది కదా అని పిత్తాశయం ఆపరేషన్ వాయిదా వేయకండి. జబ్బు తీవ్రంగా లేకపోతే, ఆ ఆసుపత్రి నుంచి డిశ్చార్జి కాకముందే చేయించుకోవడం మేలు.