కనబడే తుపాకీ, కనబడని తుపాకీ

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్లి ఆరు నెలలుండి వచ్చే తల్లిదండ్రులు మన రాజాం, పాలకొండ, బొబ్బిలి ప్రాంతాల్లో ఇప్పుడు తక్కువేమీ కాదు. వారిలో టెక్సాస్ రాష్ట్రం చూసి వచ్చిన వారిని అడిగి చూడండి. అక్కడ కొన్ని దుకాణాల గుమ్మాల దగ్గర, కొన్ని చర్చీల గుమ్మాల దగ్గర కూడా రెండు బోర్డులు పక్కపక్కనే ఉంటాయి. ఇంగ్లీషులోనూ, స్పానిష్ భాషలోనూ అంగుళం ఎత్తు అక్షరాలతో రాయాలని నియమం. ఒకదానిలో 30.06 అనీ, రెండవదానిలో 30.07 అనీ అంకెలుంటాయి. అవి ఆ రాష్ట్ర శిక్షాస్మృతిలోని సెక్షన్లు. లైసెన్సున్నా సరే, పిస్తోలు బట్టల చాటున దాచుకొని లోపలికి రావద్దని మొదటి బోర్డుకు అర్థం. పైకి కనబడేలా నడుముకు పెట్టుకొని రావద్దని రెండవదానికి అర్థం.

తుపాకీ తేవద్దని ఒక్క బోర్డు పెడితే చాలదా అని మనకు అనిపిస్తుంది. చాలదు. అక్కడి చట్టం దృష్టిలో దాచుకొని తిరగడం ఒకటి, చూపుకుంటూ తిరగడం మరొకటి. టెక్సాస్‌లో పిస్తోలు దాచుకొని తిరిగేందుకు లైసెన్సులిచ్చే చట్టం 1995లో చేశారు. లైసెన్సుదారులు దానిని పైకి కనబడేలా పెట్టుకోవచ్చని 2016 జనవరి 1 నుంచి అనుమతించారు. 2021 సెప్టెంబరు 1 నుంచి, 21 ఏళ్లు నిండి చట్టపరమైన అడ్డంకులేవీ లేనివారికి ఆ లైసెన్సు కూడా అక్కర్లేదన్నారు. ఇల్లినాయ్ రాష్ట్రంలో వేరొక పద్ధతి. 2013 నాటి చట్టం ప్రకారం లైసెన్సు తీసుకొని దాచుకొని తిరగవచ్చు గాని, పైకి చూపుతూ తిరగకూడదు. ఒకే దేశంలో రాష్ట్రం సరిహద్దు దాటితే నిన్నటి హక్కు నేడు నేరమవుతుంది!

తుపాకీ కనబడితే దొంగ జంకుతాడని ఒక పక్షం వాదన. కనబడితే పక్కవాడు కూడా జంకుతాడు, పైగా దొంగ ముందు దానినే లాక్కుంటాడని రెండవ పక్షం. 2019 డిసెంబరు 29న టెక్సాస్‌లోని వైట్ సెటిల్‌మెంట్ అనే ఊరి చర్చిలో ఆదివారం ఆరాధన జరుగుతుండగా, పొడవాటి కోటు కింద తుపాకీ దాచుకొని వచ్చిన ఒకడు ఇద్దరిని చంపాడు. ఆ సంఘంలోనే భద్రత చూసే ఒక సభ్యుడు తన పిస్తోలుతో వాడిని అక్కడికక్కడే కూల్చాడు. అంతా కొద్ది సెకన్లలో అయిపోయింది. ఈ ఒక్క సంఘటనను ఇరుపక్షాల వారూ తమ తమ వాదనకే సాక్ష్యంగా చూపుతుంటారు.

మన పిల్లలకు సంబంధించిన సంగతి ఒకటి ఇక్కడే చెప్పాలి. విద్యార్థి వీసా మీద, హెచ్-1బి వీసా మీద ఉన్నవారు తుపాకీ గాని తూటా గాని దగ్గర ఉంచుకోవడం అమెరికా కేంద్ర చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు వంటి మినహాయింపులు కొద్దిగా ఉన్నాయి, అంతే. "టెక్సాస్‌లో అందరూ పెట్టుకోవచ్చటమ్మా" అని ఫోనులో అబ్బాయి చెబితే, ఆ "అందరూ" అన్న మాటలో తాను ఉన్నాడో లేడో ముందు చూసుకోమని చెప్పండి.

ఇక మన దగ్గరకు వద్దాం. మనకు 1959 నాటి ఆయుధాల చట్టం ఉంది. 1962 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. దీని ప్రకారం తుపాకీ హక్కు కాదు, అనుమతి. సాధారణంగా ఆ అనుమతి ఇచ్చేది జిల్లా కలెక్టరు, అదీ పోలీసు విచారణ తరువాత. చూపుతూ తిరగడమా, దాచి తిరగడమా అన్న ప్రశ్నకు 2016 నాటి ఆయుధ నియమావళి ఒక్కటే జవాబు ఇచ్చింది. పదిమంది తిరిగే చోట రివాల్వరు లేక పిస్తోలు దాని కోసం చేసిన ఒరలోనో సంచిలోనో ఉండాలి, పూర్తిగా కప్పబడి ఉండాలి, మోసేవాని అదుపులో ఉండాలి. ఒర పైకి కనిపించి, ఇందులో ఆయుధం ఉందని చూసేవారు గ్రహిస్తే అది వేరు. తుపాకీ మాత్రం కనబడకూడదు. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలోనో, విజయనగరం గంటస్తంభం దగ్గరో దానిని బయటికి తీసి ఆడించిన వాని లైసెన్సు నిలవదు.

కప్పి ఉంచితే ఎక్కడికైనా తీసుకుపోవచ్చునా? అదీ లేదు. జాతరకు, మతపరమైన ఊరేగింపుకు, బహిరంగ సభకు, బడి లేక కాలేజీ ఆవరణలోకి ప్రత్యేక అనుమతి లేకుండా ఆయుధం తీసుకుపోరాదని లైసెన్సు షరతుల్లోనే ఉంది. పైడితల్లి సిరిమానోత్సవానికి వర్తించినట్లే అరసవల్లి రథసప్తమికీ, మన కన్వెన్షన్ పందిరికీ ఇది వర్తిస్తుంది. వచ్చినవారు ఊరి పెద్ద గదా, సంఘానికి కావలసినవారు గదా అని చట్టం వేరుగా చూడదు. పెళ్లిళ్లలో సంబరంగా గాలిలోకి కాల్చే అలవాటు మన వైపు తక్కువే గాని, 2019 సవరణ దానికీ శిక్ష పెట్టింది. రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఎన్నికలు వచ్చినప్పుడు లైసెన్సు తుపాకులను పోలీసు స్టేషనులో అప్పగించమని అడిగేదీ ఈ భయం వల్లనే. ఓటు అడగడానికి వచ్చినవాని వెనుక తుపాకీ కనబడితే అడగడం అక్కడితో ఆగదు కదా!

ఇది మరీ చాదస్తం అనుకునేవారు మన కొండ ప్రాంతపు చరిత్ర కొంచెం గుర్తు చేసుకోవాలి. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లులో గిరిజన సంఘం సభకు పోతున్నవారిని లేవిడి గ్రామం దగ్గర అడ్డగించారు. భూస్వాముల పక్షం జరిపిన కాల్పుల్లో కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు చనిపోయారు. నిందితులు కోర్టులో నిర్దోషులుగా బయటపడ్డారు. ఆ తరువాత శ్రీకాకుళం కొండల్లో జరిగిన సాయుధ పోరాటం, దానిని అణచడానికి జరిగినదీ చాలామందికి తెలిసినవే. లేవిడి ఇప్పుడు 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. కలవాడి చేతిలోని తుపాకీ పేదవాని కంటికి ఎలా కనిపిస్తుందో అక్కడివారికి ఒకరు చెప్పనక్కర్లేదు.

మన కుటుంబాల్లో ఎక్కువగా చిక్కు తెచ్చేది మాత్రం వీధిలో తిప్పే తుపాకీ కాదు, ఇంట్లో ఉండిపోయిన తుపాకీ. మన జిల్లాల నుంచి సైన్యంలో చేరినవారు ఎందరో ఉన్నారు. పింఛను పుచ్చుకొని వచ్చాక కొందరు లైసెన్సు తీసుకొని, డబుల్ బ్యారెల్ తుపాకీ కొనుక్కొని, బ్యాంకుల దగ్గర కాపలా ఉద్యోగాలు చేశారు. పంటను అడవిపందుల నుంచి కాపాడుకోవడానికి నాటు తుపాకీకి లైసెన్సు పొందినవారూ ఉన్నారు. ఆ పెద్దాయన కాలం చేశాక తుపాకీ అటక మీదకు చేరుతుంది. నాన్నగారి జ్ఞాపకం గదా, లైసెన్సు పుస్తకం కూడా ఉంది గదా అని కొడుకు దానిని కదపడు. ఆ పుస్తకం నాన్నగారి పేరున ఉంది. ఆయనతోనే దాని పని అయిపోయింది. ఇంటి స్థలం, పొలం వచ్చినట్లు లైసెన్సు వారసత్వంగా రాదు. లైసెన్సు లేని తుపాకీ ఇంట్లో ఉన్నందుకు 2019 సవరణ తరువాత శిక్ష రెండేళ్ల నుంచి ఐదేళ్ల వరకు జైలు, ఆపైన జరిమానా.

చేయవలసింది కష్టమేమీ కాదు. ఆలస్యం చేయకుండా దగ్గరలోని పోలీసు స్టేషనులో గాని, లైసెన్సున్న ఆయుధ వ్యాపారి దగ్గర గాని దానిని అప్పగించాలి. వారసుల్లో 21 ఏళ్లు నిండిన ఒకరు, మిగిలినవారి సమ్మతితో, తన పేర లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అసలు పెద్దాయన బతికుండగానే ఈ పని చేయవచ్చు: ఆయనకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ ఆయన దగ్గర 25 ఏళ్లుగా ఉన్నా వారసుని పేరు మీదకు మార్చమని కోరవచ్చునని నియమావళిలో ఉంది. ఒక మనిషికి రెండు తుపాకులకు మించి ఉండరాదన్న లెక్క వారసత్వపు తుపాకీకీ వర్తిస్తుంది. ఎవరికీ అక్కర్లేదనుకుంటే లైసెన్సున్నవారికే, అధికారులకు తెలియజేసి, అమ్మాలి. అప్పగించేటప్పుడు తుపాకీ నంబరు వేయించి రసీదు అడిగి తీసుకోండి. బీరువా అరలో, పాత ట్రంకు పెట్టెలో తూటాలు ఏమైనా మిగిలిపోయాయేమో వెదికి, అవి కూడా లెక్కపెట్టి అదే రసీదులో రాయించాలి.