పర్మిట్ ఒక్కసారికే!

అమెరికాలో బిల్డింగ్ పనులు చేయించే మాకు ఒక రూలు బాగా తెలుసు. ఇన్‌స్పెక్టర్ వచ్చి, కట్టిన ఐరన్ చూసి సంతకం పెట్టందే కాంక్రీటు పొయ్యం. ఆ సంతకం ఆ స్లాబుకే. మన ఒంట్లోని కణాలదీ ఇదే పద్ధతట! దాన్ని బయటపెట్టిన ఇద్దరిలో ఒకరి ఇంటిపేరు పోటు.

కణం రెండుగా చీలాలంటే ముందు తన డీఎన్‌ఏకి నకలు తీసుకోవాలి. సుమారు 600 కోట్ల అక్షరాలు. అదీ ఒక్కసారే. కొంత వదిలేసినా, రెండోసారి తీసినా క్యాన్సర్‌కి దారితీయొచ్చు.

డెన్వర్‌లో పోటు ఎన్. రావుగారు, రాబర్ట్ జాన్సన్ కలిసి మనిషి కణాల్ని జంటలుగా అతికించి చూశారు. 1970లో 'నేచర్'లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. నకలు తీస్తున్న కణాన్ని ఇంకా మొదలుపెట్టని దానితో కలిపితే, అదీ త్వరగా పని అందుకుంది. నకలు ముగించిన దానితో కలిపితే మాత్రం అది కదల్లేదు. దాని పర్మిట్ అప్పటికే అయిపోయింది మరి!

ఆ పర్మిట్ ఏమిటో తర్వాత తేలింది. ఎంసీఎం అనే ప్రోటీన్లు ముందే డీఎన్‌ఏ మీదికి ఎక్కి కూర్చుంటాయి. నకలు పూర్తయ్యేసరికి దిగిపోతాయి. కణం చీలేదాకా జెమినిన్ లాంటి ప్రోటీన్లు వాటిని మళ్ళీ ఎక్కనివ్వవు.

రావుగారు తర్వాత హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ ఆస్పత్రిలో పనిచేశారు.

ఇంకో మాట. ఆ ప్రయోగంలో వాడినవి హీలా కణాలు. 1951లో బాల్టిమోర్‌లో క్యాన్సర్‌తో చనిపోయిన నల్లజాతి మహిళ హెన్రియెట్టా లాక్స్‌వి. వాటిని తీసుకునేటప్పుడు ఆమె పర్మిషన్ ఎవరూ అడగలేదు.